52 శాతం మార్కులతో నల్లకోటు వేసుకోవచ్చా?

ప్రశ్న: మేడమ్ గారూ, నమస్తే. మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివాను. ఇప్పుడు మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో ఆఖరి సంవత్సరంలోకి వచ్చాను. నాలుగు సెమిస్టర్లకు కలిపి 52 శాతం వచ్చింది. మొదటి ఏడాది నాన్నకు గుండె ఆపరేషన్ అయింది. ఆస్పత్రిలో తోడు ఉన్నది నేనే. రెండు పేపర్లు పోయాయి, తర్వాత సప్లీలో రాసి పాసయ్యాను. మా పొలం గట్టు తగాదా తొమ్మిదేళ్లుగా కోర్టులో నడుస్తోంది. అది చూసే లా చదవాలనుకున్నాను. ఇంటర్లో నాతో చదివిన స్నేహితురాలు లా ప్రవేశ పరీక్ష క్లాట్ రాసి నేషనల్ లా యూనివర్సిటీలో చేరింది. చదువు పూర్తి కాకముందే ముంబయిలో ఉద్యోగం వచ్చిందట. నాకేమో 60 శాతం కూడా లేదు. 55 శాతం లేకపోతే బార్ కౌన్సిల్ లాయర్‌గా ఎన్‌రోల్ చేసుకోదని మా మామయ్య అంటున్నాడు, ఇది వదిలేసి డీఎస్సీకి ప్రిపేర్ అవ్వమంటున్నాడు. ఇంకో ఏడాది ఆగి పాత పేపర్లు మళ్లీ రాసి మార్కులు పెంచుకోనా? ఈ మార్కులతో ఏ సీనియర్ అయినా నన్ను చేర్చుకుంటారా? రాత్రిళ్లు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. మీ అమ్మాయిలాంటిదాన్ని, నువ్వు అనే పిలవండి. పేరు వేయొద్దు.

సమాధానం:

ముందు మీ మామయ్య మాట సంగతి చూద్దాం. నీ ఉత్తరంలో నిన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది అదేననిపించింది. 55 శాతం లేకపోతే ఎన్‌రోల్ చేసుకోరన్నది నిజం కాదమ్మా. 1961 నాటి అడ్వకేట్స్ చట్టంలో ఎల్‌ఎల్‌బీకి ఇన్ని మార్కులు రావాలనే షరతు లేదు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన కాలేజీలో ఎల్‌ఎల్‌బీ పాసై ఉండాలి, అంతే. మామయ్య విన్నది బహుశా 45 శాతం నిబంధన అయి ఉంటుంది. అది లా కాలేజీలో సీటుకు సంబంధించింది. డిగ్రీలో ఓసీలకు 45, బీసీలకు 42, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం ఉంటేనే రాష్ట్ర లా ప్రవేశ పరీక్ష లాసెట్‌లో సీటు ఇస్తారు. ఆ గడప నువ్వు రెండేళ్ల కిందటే దాటేశావు.

ఎన్‌రోల్‌మెంట్ ఫీజు గురించి కూడా తెలుసుకో, అక్కడ కూడా చాలామంది భయపడతారు. చట్టం ప్రకారం జనరల్ వాళ్లకు 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125. ఒకప్పుడు రకరకాల పేర్లతో వేలకు వేలు కట్టించుకునేవారు. 2024 జూలై 30న సుప్రీంకోర్టు చట్టంలో ఉన్నదానికి మించి వసూలు చేయకూడదని తీర్పు ఇచ్చింది.

ఆ తర్వాత రాయాల్సింది ఆలిండియా బార్ ఎగ్జామ్. ఎన్‌రోల్ అయ్యాక రెండేళ్లలోపు పాసవ్వాలి. వంద ప్రశ్నలు, అన్నీ ఆబ్జెక్టివ్, తప్పు రాస్తే మార్కులు కోయరు. నోట్స్ రాసుకోని బేర్ యాక్టులు, అంటే వ్యాఖ్యానాలు లేని చట్టం పుస్తకాలు, హాల్లోకి తీసుకెళ్లొచ్చు. తెలుగులోనూ రాయొచ్చు. జనరల్, బీసీలకు 45, ఎస్సీ, ఎస్టీలకు 40 మార్కులు వస్తే పాస్. చట్టం పుస్తకంలో ఏ సెక్షన్ ఎక్కడ ఉందో వేలు పెట్టి చూపించగలిగే అమ్మాయికి ఇది కష్టమైన పరీక్ష కాదు. యూనివర్సిటీ మార్కులు ఇక్కడ ఎవరూ అడగరు.

అయితే మార్కులు ఎక్కడా అడగరని నేను చెప్పను. అలా చెప్పి నిన్ను ఊరడిస్తే రేపు ఏదో నోటిఫికేషన్ చూసి నువ్వు నన్నే తిట్టుకుంటావు. అడిగే చోట్లు కొన్ని ఉన్నాయి.

మొదటిది, నీ స్నేహితురాలు వెళ్లిన దారి. ముంబయి, ఢిల్లీ, బెంగళూరులోని పెద్ద కార్పొరేట్ లా ఫర్మ్‌లు ఎక్కువగా నేషనల్ లా యూనివర్సిటీల క్యాంపస్‌లకు వెళ్లి, సీజీపీఏ చూసి, ఇంటర్న్‌షిప్‌లో పని చూసి పిల్లలను ఎంచుకుంటాయి. ఆ వరస మొదటి సంవత్సరం నుంచే మొదలవుతుంది. నీకు 52 కాదు, 75 శాతం వచ్చినా మీ కాలేజీ నుంచి ఆ తలుపు తట్టడం కష్టంగానే ఉండేది. కాబట్టి ఆ ఉద్యోగం రాకపోవడానికి నాన్న ఆపరేషనప్పుడు పోయిన ఆ రెండు పేపర్లే కారణమని ఒక్క రాత్రి కూడా అనుకోవద్దు.

రెండోది, ప్రభుత్వ రంగ సంస్థల్లో లా ఆఫీసర్ పోస్టులు. విద్యుత్తు, చమురు కంపెనీల్లాంటివి చాలావరకు ఎల్‌ఎల్‌బీలో 60 శాతం అడుగుతాయి, పైగా ఎల్‌ఎల్‌ఎం ప్రవేశ పరీక్ష క్లాట్ పీజీ స్కోరు కూడా చూస్తాయి. రిజర్వేషన్ ఉన్నవాళ్లకు కొంత సడలింపు ఉంటుంది. మూడోది, సైన్యంలో జడ్జి అడ్వకేట్ జనరల్ శాఖ. దానికి ఎల్‌ఎల్‌బీలో 55 శాతం, 27 ఏళ్లలోపు వయసు, క్లాట్ పీజీ స్కోరు కావాలి. నాలుగోది, పై చదువు. క్లాట్ పీజీ ద్వారా ఎల్‌ఎల్‌ఎం చేయాలంటే జనరల్ వాళ్లకు ఎల్‌ఎల్‌బీలో 50 శాతం ఉండాలి. అది నీకు ఇప్పటికే ఉంది. మన రాష్ట్ర యూనివర్సిటీల్లో చేరాలంటే పీజీఎల్‌సెట్ ఉంది. ముందు ముందు లా కాలేజీలో పాఠం చెప్పాలనిపిస్తే నెట్ పరీక్షకు అడిగే 55 శాతం ఎల్‌ఎల్‌ఎంలోది, ఎల్‌ఎల్‌బీలోది కాదు. అంటే అక్కడ లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది.

అడగని చోట్లు కూడా చూడు. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు ఎల్‌ఎల్‌బీలో ఇంత శాతం ఉండాలనే షరతు మన దగ్గర లేదు. అందులో ఆబ్జెక్టివ్ స్క్రీనింగ్, రాత పరీక్ష, ఇంటర్వ్యూ ఉంటాయి. 2025 మే 20న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో మూడేళ్ల ప్రాక్టీస్ తప్పనిసరి అయింది. ఆ మూడేళ్లను బార్ ఎగ్జామ్‌కు ముందు ఇచ్చే ప్రొవిజనల్ (తాత్కాలిక) ఎన్‌రోల్‌మెంట్ తేదీ నుంచే లెక్కపెట్టొచ్చని కూడా అదే తీర్పులో ఉంది. అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ పోస్టులకు మూడేళ్లు క్రిమినల్ కోర్టుల్లో ప్రాక్టీస్ చేసి ఉండాలి. ప్రభుత్వ బ్యాంకుల్లో లా ఆఫీసర్ పోస్టుకు ఐబీపీఎస్ పరీక్ష ఉంటుంది. ఎల్‌ఎల్‌బీ పాసై, అడ్వకేట్‌గా ఎన్‌రోల్ అయి ఉంటే చాలు. ఏది రాయాలనుకున్నా ఆ ఏడాది నోటిఫికేషన్‌ను స్వయంగా చదువు. మామయ్య మాటైనా, నా మాటైనా దానికి సాటి రాదు.

ఇక ఏడాది ఆగాలా అన్న ప్రశ్న. కాగితం, పెన్ను తీసుకుని లెక్క వేద్దాం. మొత్తం ఆరు సెమిస్టర్లు. నాలుగింటికి సగటు 52, అంటే చేతిలో ఉన్నది 208. అన్ని సెమిస్టర్లకూ మార్కులు సమానంగా ఉన్నాయనుకుంటే, మొత్తం మీద 60 శాతం రావాలంటే 360 కావాలి. మిగిలిన 152 రెండు సెమిస్టర్లలో రావాలి, అంటే ఒక్కోదాంట్లో 76 శాతం. యూనివర్సిటీ లా పేపర్లలో అది దాదాపు గోల్డ్ మెడల్ వచ్చేవాళ్ల మార్కు. అదే 55 శాతం కావాలంటే 330. మిగిలింది 122, ఒక్కో సెమిస్టర్‌కు 61 శాతం. ఇది నీకు అందేదే. నీ లక్ష్యం 55 పెట్టుకో. దానికోసం ఆఖరి ఏడాది గట్టిగా చదువు. పాసైన పేపర్లను మళ్లీ రాయడానికి ఏడాది ఆగడం మాత్రం నాకు ఏ కోశానా ఇష్టం లేదు. ఇంప్రూవ్‌మెంట్ రాస్తే మార్కు మారుతుందో లేదో, సప్లీలో పాసైన వాళ్లకు క్లాస్ ఇస్తారో లేదో మీ యూనివర్సిటీ రెగ్యులేషన్స్‌లో ఉంటుంది, ఒకసారి ఎగ్జామినేషన్ సెక్షన్లో కనుక్కో. చదువు సాగుతుండగానే ఒకటి రెండు పేపర్లు రాసుకునే వీలుంటే రాయి. కానీ ఆ ఏడాది పోతే జడ్జి పరీక్షకు, ప్రాసిక్యూటర్ పోస్టుకు కావలసిన మూడేళ్ల లెక్క కూడా ఏడాది వెనక్కి పోతుంది. నాలుగైదు మార్కుల కోసం ఇంత పోగొట్టుకోవడం నష్టం.

మన ప్రాంతంలోనే ఒకప్పుడు పాసైన పరీక్షను బట్టి నువ్వు ఏ కోర్టులో నిలబడాలో తేలిపోయేది. టంగుటూరి ప్రకాశం గారు రాజమండ్రిలో సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా మొదలుపెట్టారు. సెకండ్ గ్రేడ్ అంటే కింది కోర్టుల వరకే. పెద్ద కోర్టులో వాదించాలన్న పట్టుదలతో ఆయన ఇంగ్లండు వెళ్లి బారిస్టరై తిరిగొచ్చి మద్రాసు హైకోర్టులో ప్రాక్టీస్ పెట్టారు. వకీళ్లు, ప్లీడర్లు, ముక్త్యార్లు అంటూ అన్ని అంతస్తులు ఉండేవి. 1961 చట్టం ఆ మెట్లన్నీ తీసేసి అందరినీ అడ్వకేట్లను చేసింది. కోర్టులు సీనియర్ అడ్వకేట్ హోదా ఇచ్చే కొద్దిమంది తప్ప మిగతావాళ్లంతా ఒకటే. ఆ చట్టంలోని 30వ సెక్షన్ 2011 జూన్‌లో అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ఎన్‌రోల్ అయిన ప్రతి అడ్వకేట్‌కూ సుప్రీంకోర్టు దాకా దేశంలో ఏ కోర్టులోనైనా ప్రాక్టీస్ చేసే హక్కు ఉంది. బార్ పరీక్ష పాసయ్యాక 52 శాతం వచ్చిన నీకూ, యూనివర్సిటీ ఫస్ట్ వచ్చిన వాళ్లకూ వకాలతు మీద సంతకం విలువ ఒక్కటే. ఆ సమానత్వం ఊరికే రాలేదు తల్లీ. ఎన్‌రోల్‌మెంట్ రోజు గౌను వేసుకున్నప్పుడు గుర్తుచేసుకో.

సీనియర్లు మార్కులు అడుగుతారా అన్నావు. కొందరు అడుగుతారు. నేను 1998లో ఎన్‌రోల్ అయ్యాను. నాకూ ఫస్ట్ క్లాస్ లేదు. మొదట వెళ్లిన ఒక ఆఫీసులో మెమో చూసి, కూర్చోమని కూడా అనకుండా పంపేశారు. ఆ రోజు బస్టాండులో కూర్చుని ఏడ్చాను. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ కుర్చీ గుర్తుంది, అందుకే మా ఆఫీసుకు ఎవరొచ్చినా ముందు కూర్చోమంటాను. తర్వాత నన్ను చేర్చుకున్న సీనియర్ గారు మార్కుల ఊసే ఎత్తలేదు. 'రేపు పొద్దున తొమ్మిదికి రా, వాయిదాల డైరీ రాయడం మా గుమస్తా నేర్పుతాడు' అన్నారు. అంతే.

ఇప్పుడు నేను ఏం చూస్తానో చెబుతాను. పోయిన వేసవిలో ఒకమ్మాయి వచ్చింది. కూర్చోగానే ప్లాస్టిక్ కవర్లోంచి మార్కుల మెమోలు తీసి బల్ల మీద పరిచింది, తప్పు ఒప్పుకుంటున్నట్టు మొహం పెట్టి. అవి కవర్లో పెట్టమని చెప్పి, ఒక చెక్ బౌన్స్ కట్ట చేతికిచ్చాను. చెక్కు, బ్యాంకు రిటర్న్ మెమో, లాయర్ నోటీసు కాపీ, పోస్టాఫీసు రసీదు, అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు. 'ఈ కేసు ఎప్పటిలోగా వేయాలో చెప్పు' అన్నాను.

ఈ లెక్క నీకూ తెలిసే ఉంటుంది. చెక్కు వెనక్కి వచ్చిందని బ్యాంకు చెప్పిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. నోటీసు ముట్టాక అవతలివాడికి డబ్బు కట్టడానికి 15 రోజులు. కట్టకపోతే అక్కడి నుంచి నెలలోగా కోర్టులో ఫిర్యాదు వేయాలి. ఉదాహరణకు మెమో మార్చి 3న వస్తే ఏప్రిల్ 2లోపు నోటీసు పంపాలి. అది మార్చి 24న ముట్టిందనుకో, ఏప్రిల్ 8 దాకా గడువు, 9 నుంచి కేసు వేసే హక్కు, మే 9లోపు వేసేయాలి. ఆలస్యమైతే కారణం చూపించి కోర్టును ఒప్పించుకోవాలి.

ఆ అమ్మాయి తెల్లకాగితం అడిగి తీసుకుంది. మధ్యలో గీత గీసి, ఎడమవైపు తేదీలు, కుడివైపు ఆ రోజు ఏం జరిగిందో వరసగా రాసింది. రాస్తూ రాస్తూ ఆగిపోయింది. కార్డును కిటికీ దగ్గరకు తీసుకెళ్లి వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది. 'మేడమ్, కార్డు మీద ముద్ర అలుక్కుపోయింది. ఎప్పుడు ముట్టిందో కనబడటం లేదు. ఆ తేదీ తెలియకుండా పదిహేను రోజులు ఎక్కణ్నుంచి లెక్కపెట్టాలి?' అంది. తర్వాత తనే, 'రసీదు మీద నంబరు ఉంది కదా, పోస్టాఫీసు వెబ్‌సైట్‌లో చూస్తే తెలుస్తుందేమో' అంది. నేను అప్పటికప్పుడే సోమవారం నుంచి రమ్మన్నాను. తన మార్కులు ఎంతో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇది అందరి సంగతీ కాదు, నా సంగతి. కానీ జిల్లా కోర్టుల్లో పనిచేసే చాలామంది సీనియర్లకు కావలసింది ఇలాంటి మనిషే. కాగితం మీద ఏముందో చూసేవాళ్లు, లేనిదేదో గమనించేవాళ్లు, వాయిదా తేదీ తప్పకుండా రాసుకునేవాళ్లు, క్లయింటు చెప్పింది కోర్టు గేటు దగ్గర టీ కొట్టులో మాట్లాడనివాళ్లు. సీనియర్ వేరే హాల్లో ఉన్నప్పుడు కేసు పిలిస్తే, లేచి నిలబడి, కేసును కాసేపాగి పిలవమంటూ 'పాస్ ఓవర్ ఇప్పించండి' అని భయపడకుండా అడగగలిగేవాళ్లు.

ఎవరైనా మార్కుల గురించి అడిగితే నిజం రెండు వాక్యాల్లో చెప్పు. 'మొదటి ఏడాది నాన్నకు గుండె ఆపరేషన్ అయింది, ఆస్పత్రిలో నేనే ఉన్నాను, రెండు పేపర్లు పోయాయి. తర్వాత అవి పాసయ్యాను.' అక్కడితో ఆపేయి. సంజాయిషీ పెద్దది చేయకు, మొహం దించుకోకు. తండ్రి మంచం పక్కన ఉన్నందుకు ఎవరికీ క్షమాపణ చెప్పక్కర్లేదు.

అయితే ఒక్కమాట. ఆ రెండు పేపర్ల సంగతి సరే, మిగతా పేపర్లలో కూడా మార్కులు యాభై చుట్టూనే ఎందుకు ఉన్నాయి? ఇది నువ్వు నిజాయితీగా చూసుకోవాలి. నీ ఉత్తరం చదివితే నాకొకటి తోచింది. తెలుగులో నువ్వు విషయం ఎంత సూటిగా రాశావో! ఎక్కడా తడబాటు లేదు. ఇంగ్లీషులో పరీక్ష రాసేటప్పుడు మాత్రం గైడులో వాక్యాలు బట్టీపట్టి దించి ఉంటావు. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు చాలామంది అదే చేస్తారు, నేనూ అదే చేశాను. బట్టీ పట్టిన జవాబులో ఒక వాక్యం మరిచిపోతే మొత్తం కూలిపోతుంది. నిజమైన సమస్య ఇదైతే, దీన్ని మాత్రం వదిలేయకూడదు. ఎందుకంటే మార్కులు అడగని కోర్టు కూడా ఇంగ్లీషు అడుగుతుంది. సాక్షి తెలుగులో చెబుతాడు, ప్లెయింటు (దావా పత్రం), పిటిషను, ఆర్డరు మాత్రం ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉంటాయి.

దీనికి కోచింగులు అక్కర్లేదు. నేను చేసింది చెబుతాను. రోజూ ఒక బెయిలు పిటిషనో, ఒక ప్లెయింటో చేత్తో చూసి రాసేదాన్ని. టైపు చేయడం కాదు, చేత్తోనే. రెండు నెలలయ్యేసరికి వాక్యాల నడక చేతికి పట్టుబడింది. తర్వాత సమస్యను ముందు తెలుగులో నాలుగు వాక్యాల్లో రాసుకుని, దాన్నే పొట్టి పొట్టి ఇంగ్లీషు వాక్యాల్లోకి మార్చేదాన్ని. గొప్ప ఇంగ్లీషు కాదు, తప్పుల్లేని చిన్న ఇంగ్లీషు. జడ్జిగారికి కావలసింది అదే. ఆఖరి ఏడాది పరీక్షల్లో కూడా ఇలాగే రాయి. సమస్య ఏమిటి, ఏ సెక్షన్ వర్తిస్తుంది, ఏ తీర్పు ఉంది, ఈ సంగతులకు అది ఎలా పొసగుతుంది. ఇలా రాస్తే 61 శాతం దానంతట అదే దగ్గరకొస్తుంది. జడ్జి పరీక్షలో ఇంగ్లీషు పేపర్లో అనువాదం కూడా ఉంటుంది. రెండు భాషల మధ్య ఇలా రోజూ తిరిగేవాళ్లకు అక్కడ మేలు.

నీ బ్యాచ్‌కు ఒక వెసులుబాటు ఉంది, దాన్ని వాడుకో. 2024 జూలై 1 నుంచి ఐపీసీ, సీఆర్‌పీసీ, ఎవిడెన్స్ యాక్టుల స్థానంలో భారతీయ న్యాయ సంహిత, నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య అధినియమ్ వచ్చాయి. మా తరానికి సీఆర్‌పీసీలో 482 అంటే కేసు కొట్టేయమని హైకోర్టులో వేసే క్వాష్ పిటిషన్, 438 అంటే ముందస్తు బెయిలు. ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహితలో 482 ముందస్తు బెయిలు, క్వాష్ 528కి వెళ్లింది. పాతికేళ్లు నోట్లో నానిన నంబర్లు కాబట్టి మేమంతా ఇంకా తడబడుతున్నాం. నువ్వు చదువుకున్నదే కొత్త చట్టం. పాత నంబరు పక్కన కొత్త నంబరు రాసిన పట్టిక ఒకటి చేత్తో తయారు చేసుకుని ఏ సీనియర్ దగ్గరకు వెళ్లినా పట్టుకెళ్లు. 2024 జూలైకి ముందు జరిగిన నేరాలకు ఐపీసీయే వర్తిస్తుంది కాబట్టి రెండూ తెలిసినవాళ్ల అవసరం ఇంకా చాలా ఏళ్లు ఉంటుంది.

ఇప్పుడు నువ్వు అడగని విషయం. ఇది రాయకపోతే ఈ జవాబుకు అర్థం లేదు. నిన్ను ఆపగలిగేది 52 శాతం కాదు. మొదటి మూడేళ్లు చేతిలో డబ్బులు లేకపోవడం. నేను చూసినంతలో ఈ వృత్తి మధ్యలో వదిలేసిన పిల్లలు మార్కులు తక్కువై వదల్లేదు. నెలాఖరుకు హాస్టల్ ఫీజు కట్టలేక, ఇంట్లో ఇంకా ఎంతకాలం అని అడుగుతుంటే జవాబు చెప్పలేక వదిలేశారు. ఆడపిల్లల మీద పెళ్లి మాట కూడా కలుస్తుంది. 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో 15 వేలు స్టైపెండ్ ఇవ్వాలని సర్క్యులర్ ఇచ్చింది. కానీ అది సిఫారసు మాత్రమే. చిన్న ఊళ్ల కోర్టుల్లో చాలాచోట్ల బస్సు చార్జీలకు, టిఫిన్లకు సరిపోయేంత ఇస్తే గొప్ప. అది న్యాయం కాదని నేను మా బార్ అసోసియేషన్‌లో చాలాసార్లు మాట్లాడాను, ఇక్కడ కూడా అదే అంటాను. పని చేయించుకున్నప్పుడు డబ్బు ఇవ్వాలి.

కాబట్టి చేరే ముందే సీనియర్‌ను నెలకు ఎంత ఇస్తారని అడుగు. సిగ్గుపడొద్దు. మొదటి రెండు మూడేళ్లు ఇంటి నుంచి వెళ్లి రాగలిగే కోర్టులోనే ఉండు, అద్దె మిగులుతుంది. పెద్ద ఊళ్లు, హైకోర్టు తర్వాత చూద్దువు గాని. టైపింగ్ నేర్చుకో, సొంతంగా డ్రాఫ్ట్ కొట్టగలిగే జూనియర్‌ను ఎవరూ వదులుకోరు. జిల్లా లీగల్ సర్వీసెస్ అథారిటీ దగ్గర పేదవాళ్ల క్రిమినల్ కేసులు చూసే లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ ఆఫీసుల్లో అసిస్టెంట్ పోస్టులకు కొత్త అడ్వకేట్లను తీసుకుంటారు, నెల నెలా గౌరవ వేతనం ఉంటుంది. ఆ నోటిఫికేషన్ మీద కన్నేసి ఉంచు. ఒకటి గుర్తుపెట్టుకో, ఎన్‌రోల్ అయ్యాక పూర్తికాలపు జీతం ఉద్యోగం చేస్తూ ప్రాక్టీస్ చేయడానికి నిబంధనలు ఒప్పుకోవు. ఇంట్లో పరిస్థితి మరీ ఇబ్బందిగా ఉంటే ఎన్‌రోల్ కాకముందే ఆరు నెలలో ఏడాదో ఏదైనా పనిచేసి కొంత కూడబెట్టుకోవడం తప్పేమీ కాదు. మార్కుల కోసం ఏడాది ఆగొద్దన్నాను గానీ, బియ్యం కోసం ఆగడం వేరు.

మామయ్య మీద కోపం పెట్టుకోకు. డీఎస్సీ అంటే నెల తిరిగేసరికి జీతం, ఆయన చూస్తున్నది అదే. పై లెక్కలు కాగితం మీద రాసి నాన్నకూ మామయ్యకూ ఒకేసారి చూపించు. మూడేళ్లకు నెలకు ఎంత కావాలి, ఇంట్లోంచి ఎంత వస్తుంది, నువ్వు ఎంత తెచ్చుకోగలవు. మూడేళ్ల తర్వాత ఏయే పరీక్షలకు అర్హత వస్తుంది. లెక్క చూపిస్తే పెద్దవాళ్లు వింటారు. అప్పటికీ టీచర్ ఉద్యోగమే నయమని నీకే అనిపిస్తే అదీ మంచి దారే. కానీ మార్కులకు భయపడి మాత్రం వెళ్లకు.

చివరగా ఒక పని చెబుతాను, ఈ వారమే మొదలుపెట్టు. మీ పొలం గట్టు దావా తొమ్మిదేళ్లుగా నడుస్తోందన్నావు. నాన్న దగ్గర ఆ కేసు సీఎన్ఆర్ నంబరు ఉంటుంది, పదహారు అక్షరాలు, అంకెలు కలిపి. లేకపోతే ఓఎస్ (దావా) నంబరు, సంవత్సరం చెప్పినా ఈకోర్ట్స్ యాప్‌లో కేసు దొరుకుతుంది. తొమ్మిదేళ్ల వాయిదాలూ అందులో వరసగా కనబడతాయి. నాన్న పార్టీయే కాబట్టి మీ లాయరు గారి ద్వారా కాపీ అప్లికేషన్ పెట్టించి ప్లెయింటు, రిటన్ స్టేట్‌మెంటు (ప్రతివాది జవాబు) సర్టిఫైడ్ కాపీలు తెప్పించు. తెల్లకాగితం మధ్యలో గీత గీసి, ఎడమవైపు తేదీలు, కుడివైపు ఆ రోజు ఏం జరిగిందో రాయి. ఎన్నిసార్లు ఎవరి వల్ల వాయిదా పడింది, స్థలం చూడటానికి కోర్టు కమిషనర్‌ను వేసిందా, సర్వేయరు కొలత రిపోర్టు ఫైల్లోకి వచ్చిందా, సాక్ష్యం ఎక్కడ ఆగింది. రాస్తుంటే ఎక్కడో ఒకచోట నీ పెన్ను ఆగుతుంది, ఆ అమ్మాయికి కార్డు దగ్గర ఆగినట్టు. ఆ ప్రశ్న పట్టుకుని మీ లాయరు గారి ఆఫీసుకు వెళ్లు. ఆయన ఏమన్నారో నాకు రాయి, ఎదురుచూస్తాను.